బ్రేకు లేని లేత్

ముప్పై ఏళ్లు నడిపిన బస్సుకు ఒక్క గీత కూడా పడనివ్వని డ్రైవరు, బల్బు మార్చడానికి మామగారి కుర్చీ ఎక్కి దాని ముందరి కాలొకటి విరగ్గొట్టాడు.

మామూలు కుర్చీ అయితే ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఎత్తుగా, వెడల్పు చేతులతో ఉన్న ఆ టేకు కుర్చీలోంచి తప్ప పెద్దాయన మరెందులోంచీ తనంతట తాను లేవలేడు. ఇప్పుడాయన మోకాలు మార్పించుకుని ఆసుపత్రిలో ఉన్నాడు. ఆదివారం ఇంటికి పంపిస్తామన్నారు. ఎత్తు కుర్చీ ఉందా అని డాక్టరు అడిగితే, ‘‘నా కుర్చీ ఉందిగా’’ అన్నాడాయన ధీమాగా. పక్కనే ఉన్న అల్లుడు ఫ్యాను వంక చూశాడు.

‘‘రెండు మేకులు కొట్టెయ్యకూడదూ?’’ అంది భార్య, ముందుగదిలో బట్టలు కుడుతూనే. ఆమె దర్జీ. అతుకు తొందరగా గుర్తొస్తుంది. డ్రైవరు కొట్టి చూశాడు. కూర్చోగానే కిర్రుమంది. ఆ కాలు గుండ్రంగా, మధ్యలో బుడిపెలతో చెక్కింది. వీధి చివరి వడ్రంగి, అలాంటివి గిర్రున తిప్పుతూ చెక్కే లేత్ మిషను ఎప్పుడో అమ్మేసి ప్లైవుడ్ అలమారాల్లో పడ్డాడు. సామాన్ల దుకాణంలో చిన్న లేత్ ఒకటుంది గానీ, దాని ధర వినగానే డ్రైవరు మంచినీళ్లు అడిగి తాగి వచ్చేశాడు.

మేడ మీద పూలకుండీలు మోస్తున్న పాత తొక్కుడు కుట్టుమిషను స్టాండు అప్పుడు కంటపడింది. భార్య మోటారు మిషను కొనుక్కున్నాక దాన్ని అక్కడికి ఎక్కించారు. చక్రం, తొక్కుడు పలక బాగానే ఉన్నాయి. డ్రైవరు బల్ల మీద ఎదురెదురుగా రెండు దిమ్మెలు బిగించాడు. ఒకదానిలో బేరింగులు, తిరిగే ఇరుసు. రెండోదానిలో మొన తేల్చిన బోల్టు. ఆ రెండింటి మధ్య చెక్క. ఉలి ఆనించడానికి ముందొక ఇనుప పట్టీ. కింది చక్రం నుంచి ఇరుసుకు తోలు బెల్టు వేసి తొక్కితే చెక్క చక్కగా తిరిగింది.

శుక్రవారం ఉలి పెట్టాడు. పొట్టు లేచింది. అంతలో ముడి తగిలి ఉలి గుంజింది. డ్రైవరు కుడికాలు పలకను గట్టిగా కిందికి నొక్కేసింది. బస్సయితే ఆగేది. లేత్ ఇంకా జోరందుకుని చెక్కను కుండీల మధ్యకు విసిరేసింది. రెండో చెక్కా అక్కడికే చేరింది. ఇక మిగిలింది ఒక్కటే టేకు ముక్క.

శనివారం పొద్దున భార్య మేడ మీదికొచ్చింది.

‘‘ఏమండీ, ఎవరైనా అడ్డం వచ్చారా?’’

‘‘నవ్వు, నవ్వు. కాలు దానంతటదే పోతోందే.’’

‘‘దీనికి బ్రేకెక్కడుంది? తొక్కితే పరిగెడుతుంది. ఆగాలంటే వదిలెయ్యాలి.’’

‘‘నాకు తెలుసు. కాలికి తెలీదు.’’

ఆమె స్టూలు లాక్కుని పలక ముందు కూర్చుంది. ‘‘జరగండి. కాలు నాది, చెయ్యి మీది.’’

‘‘ఎప్పుడు ఆపాలో నే చెప్తా...’’

‘‘మీరు చెప్పేలోపు చెక్క ఎగిరిపోతుంది. ఈ మిషన్లో గుడ్డ బిగుసుకునే ముందే నా కాలికి తెలిసిపోయేది. మీరు ఉలి సంగతి చూసుకోండి.’’

చెక్క తిరిగింది. ముడి వచ్చిన చోట ఆమె పాదం తేలికైంది. ఉలి మెల్లగా దాటింది. కాసేపటికి డ్రైవరుకు హుషారొచ్చింది.

‘‘కొంచెం స్పీడు పెంచవే.’’

‘‘కండక్టరు ఇంకా విజిల్ వెయ్యలేదు. ఆగండి.’’

మధ్యాహ్నానికి బుడిపెలు తేలాయి. సాయంత్రానికి కాలు కుర్చీలో బిగిసింది.

ఆదివారం పెద్దాయన వాకరు పట్టుకుని వచ్చి కుర్చీ ముందు ఆగాడు. కూతురు భుజం పట్టుకుంది. ఆయన మెల్లగా దిగి కూర్చున్నాడు. కుర్చీ కిక్కురుమనలేదు. అలవాటుగా కిందికి చెయ్యి జార్చి కాలు తడిమాడు. చెయ్యి అక్కడే ఆగింది.

‘‘అల్లుడూ, దీనిక్కూడా ఆపరేషనయిందా?’’

‘‘బల్బు మారుస్తుంటే విరిగింది మామయ్యా. రెండ్రోజులు కుస్తీ పట్టి కొత్తది వేశాం.’’

‘‘ఏ కాలు?’’

‘‘కుడి కాలు.’’

‘‘నాదీ కుడే. దీని డాక్టరే నయం, రెండ్రోజుల్లో నిలబెట్టాడు.’’

‘‘డాక్టరు ఒక్కడే కాదు నాన్నా, నేనూ ఉన్నా’’ అంది కూతురు.

పెద్దాయన రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి, ఎవరినీ పట్టుకోకుండా లేచాడు. నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు.

అప్పటిదాకా తన కుడిపాదం నేలను గట్టిగా నొక్కిపట్టి ఉందని డ్రైవరు అప్పుడు గమనించాడు. మెల్లగా వదిలేశాడు.