చివరి ఓవర్‌లో నేను లేవలేదు

ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఆ రోజు వార్డు ఛార్టులో సాయంత్రం ఆరు గంటల గడిలో నేను రాసింది అబద్ధం.

సైనిక నర్సుగా నా మొదటి పోస్టింగ్ లద్దాఖ్. ఎత్తు పదకొండు వేల అడుగులు. మార్చిలో దిగాను. సామాను ఒక ఉన్ని కోటు, రెండు జతల మేజోళ్లు, డైరీ. వార్డులో పద్నాలుగు మంచాలు. పని మాటలు తప్ప నా నోట ఇంకో మాట వచ్చేది కాదు.

ఏప్రిల్‌లో పద్నాలుగో మంచానికి ఒక సిపాయి వచ్చాడు. ఇంకా ఎత్తున కాపలా పోస్టులో ఉండగా ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మా యానాం పక్కన మెట్టకూరు వాడు.

"ఐసంటే సోడా బండి మీదే చూశానక్కా. ఇదేంటండీ బాబూ, కొండలకి కొండలే!" అన్నాడు, ఆక్సిజన్ గొట్టంతోనే.

డాక్టరు గారి ఆర్డరు ఒక్కటే: గంటగంటకూ అతని ఆక్సిజన్ సిలిండర్ మీటరు ముల్లు చూడాలి.

ఆ రోజు షార్జాలో పాకిస్తాన్‌తో క్రికెట్ ఫైనల్. రేడియో మొదటి మంచం మీద. పక్కనున్న స్టూలు మీద నేనలా కూర్చోగానే పాకిస్తాన్ వికెట్ పడింది. అది నా అదృష్టమేనని ఇక నన్ను లేవనివ్వలేదు. ఆరింటికి ముల్లు చూద్దామని లేచాను.

"సిస్టర్, కదలొద్దు! మ్యాచ్ పోతే పూచీ మీదే," అన్నాడు కాలు విరిగిన హవల్దార్. అందరూ నవ్వారు. నన్ను తమలో కలుపుకోవడం అదే మొదలు. మూలనున్న పద్నాలుగో మంచం వైపు చూశాను. సిపాయి చెయ్యెత్తాడు. కూర్చోమంటున్నాడనుకున్నాను. కూర్చున్నాను.

ఆఖరి బంతికి పాకిస్తాన్‌కు నాలుగు పరుగులు కావాలి. సిక్సర్ కొట్టారు.

వార్డు మూగబోయింది. ఆ నిశ్శబ్దంలో, పద్నాలుగో మంచం దగ్గర, ఆక్సిజన్ వస్తున్నంతసేపూ నీటి సీసాలో వినిపించే బుడగల చప్పుడు లేదు. పరుగెత్తాను. ముల్లు సున్నా మీద ఉంది. సిలిండర్ మార్చాను. డాక్టరు వచ్చారు. ఏడుంబావుకు అతను పోయాడు. ఆ తరువాతే ఆరింటి గడిలో 'సరిగా ఉంది' అని రాశాను.

ఆ సాయంత్రం వార్డులో ఎవరు దేనికి ఏడ్చారో నాకు తెలియదు.

రెండేళ్లకు సర్వీసు వదిలి యానాం వచ్చేశాను. టీ కొట్టు దగ్గర ఇంకా ఆ బంతి మీదే వాదన. "యార్కరెయ్యబోయి ఫుల్‌టాస్ ఏసేశాడ్రా, దేశం పరువు తీసేశాడు!" నాకు కనిపించేది మాత్రం కదలని నీళ్ల సీసా.

నిజం చెప్పేద్దామనే మెట్టకూరు వెళ్లాను. అతని తల్లి అరుగు మీద వల బాగుచేస్తోంది. నేనెవరినో చెప్పాను. తరువాతి మాట నోట్లో ఉండగానే నా చెయ్యి పట్టుకుంది.

"మిలట్రీ వోళ్లు ఉత్తరంలో రాశారు, ఆడు పోయే టైముకి మనూరి పిల్ల ఆడి పక్కనే ఉందంట. నాకది చాల్లే తల్లీ."