సొంతవాక్యంలో ప్రయోగించండి

పద్మారావు నగర్‌లో ఒక మందుల దుకాణం మీది అంతస్తులో నేను ఇంగ్లీషు చెబుతాను. నా దగ్గరికి వచ్చే ఆడపిల్లలు కోర్సు అయ్యాక ఆసుపత్రుల్లో, కౌంటర్ల దగ్గరో వార్డుల్లోనో, పనికి చేరతారు. రోగులతో, వాళ్ల బంధువులతో మర్యాదగా మాట్లాడటం నేర్పాలి. అందుకే మా పాఠాల్లో ఆవు, రైతు, వాన ఉండవు. బీపీ, డిశ్చార్జి, ఇన్సూరెన్సు ఉంటాయి. చివరి పాఠాల్లో ఒకచోట 'టెర్మినల్లీ ఇల్' అని వస్తుంది. ఇక నయం కాని జబ్బుతో ఆఖరి దశలో ఉన్న మనిషి అని అర్థం. దాన్ని సొంతవాక్యంలో ప్రయోగించాలి.

పిల్లలు ప్రయోగించారు. ఒకమ్మాయి తన మామయ్య టెర్మినల్లీ ఇల్ అయ్యాడనీ, ఇప్పుడు పూర్తిగా తగ్గిందనీ రాసింది. తగ్గేదాన్ని అలా అనరమ్మా అన్నాను. ఇంకొకతె, మా ఇంటి ఓనరు టెర్మినల్లీ ఇల్, కాబట్టి మేము ఎదురుచూస్తున్నాము అని రాసింది. అందులో భాష తప్పేమీ లేదు, మార్కులు వేశాను. మరో అమ్మాయి, మీరు టెర్మినల్లీ ఇల్, త్వరగా కోలుకోండి అని రాసింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ తర్వాత ఈ సంగతి రోగికి ఎలా చెప్పాలో నేర్పాను. నిలబడి చెప్పకూడదు, పక్కన కూర్చోవాలి. తనకు ఎంత తెలుసో ముందు అడగాలి. చెప్పాక నోరు మూసుకుని ఉండాలి. ఈ చివరిది మనవాళ్లకు అన్నిటికంటే కష్టం. ఇంత చక్కగా నేర్పి, సాయంత్రం బస్సెక్కి యాప్రాల్‌లో మా అక్క ఇంటికి వెళ్లేదాన్ని. అక్కడ నాకు ఆ మాట ఎత్తే అనుమతి లేదు.

అక్కకు కడుపులో మొదలైన క్యాన్సరు కాలేయానికి పాకింది. డాక్టరు నన్నూ బావనూ కూర్చోబెట్టి, మా పాఠంలోని మాటనే, ఎక్కడా తప్పు లేకుండా వాడి చెప్పాడు. కీమో ఇస్తే కొన్ని నెలలు కలిసి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు. బావ బేగంపేటలో ఒక ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. మీటింగులో కూర్చున్నట్టే తల ఊపి, "ఓకే సర్, నోటెడ్" అన్నాడు. బయటికి వచ్చాక లిఫ్టు దగ్గర నాకు హుకుం జారీ చేశాడు.

"ఇంట్ల ఈ మాట రావద్దు. అల్సర్ అని చెప్తున్న. నువ్వు సుత గదే చెప్పు."

ఇది మాకు కొత్త కాదు. పోయేవాళ్లకు పోతున్నారని చెప్పడం మా ఇంటావంటా లేదు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని ఒక భయం, తెలిస్తే ఆ దిగులుతోనే ముందు పోతారని ఇంకో భయం. అసలు ఈ విద్యలో మా అక్కను మించినవాళ్లు లేరు. బావ వాళ్ల నాన్నకు ఇదే జబ్బు వచ్చినప్పుడు దానికి 'పాత గ్యాస్' అని పేరు పెట్టింది అక్కే. మందు డబ్బాల మీది పేర్లు బ్లేడుతో గోకేసింది. చూడటానికి వచ్చినవాళ్లను చెప్పులు విడిచే చోటే ఆపి, లోపల ఏం అనాలో, ఏం అనకూడదో చెప్పి, ముఖాలు సరిచేసి పంపేది. ఏడుపు ఆపుకోలేనివాళ్లను నేరుగా వంటింట్లోకి తోలేది. ముసలాయన గ్యాస్‌తోనే పోయాడు. ఆఖరుదాకా ఆయనకు తెలియనివ్వలేదని చుట్టాలంతా అక్కను మెచ్చుకున్నారు.

ఇప్పుడు ఆ ఉద్యోగం బావ మీద పడింది. ఆయనకు అంత చాకచక్యం లేదు. చెప్పుల స్టాండు దగ్గర ఒకరికి అల్సర్ అని, ఇంకొకరికి ఇన్ఫెక్షన్ అని చెప్పేవాడు. ఆ ఇద్దరూ లోపల ఒకేసారి కలిసినప్పుడు అక్కే సర్దిచెప్పాల్సి వచ్చేది. వచ్చినవాళ్లు అక్క తినలేని ఆపిల్ పండ్లు పెట్టి, మొన్నటికంటే ముఖం తేటగా ఉందనేవాళ్లు. "అవు, జెర నయమే" అనేది అక్క. వాళ్లు లిఫ్టు ఎక్కాక నా ముందు వాళ్లకు మార్కులు వేసేది.

"మన చిన్నత్త పనికిరాదు. తలుపుల అడుగువెట్టంగనే ముక్కు చీదింది. నేనైతే వంటింట్లకు తోలుదును."

ఆ మాటతో నాకు అర్థం కావాలి. అయింది కూడా. అయిందని అనడానికి వీల్లేదు కాబట్టి ఇద్దరం కలిసి చిన్నత్తను చూసి నవ్వుకున్నాం.

అక్కకు కీమో పడలేదు. ఎక్కించుకుని వచ్చాక రోజుల తరబడి మంచినీళ్లు కూడా లోపల నిలిచేవి కావు. నోరంతా పొక్కిపోయేది. కాస్త తేరుకుని పెరుగన్నం ముద్ద మింగే వేళకు మళ్లీ తేదీ వచ్చి కూర్చునేది. వద్దని ఆమె ఒక్కసారీ అనలేదు. ఎలా అంటుంది? అల్సర్ ఉన్న మనిషి మందు వద్దంటే అది మొండితనం. "గిన్ని దినాలు ఓపికవట్టినవ్, ఇంక జెరంత" అని బావ బతిమాలేవాడు. ఆమె వద్దనాలంటే అది అల్సర్ కాదని ముందు ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. ఒప్పుకునే నోరు ఆ ఇంట్లో లేదు. ఆ నోరు నాకుండాలని నాకు తెలుసు, అందుకే వెళ్లిన ప్రతిసారీ ఏదో పని ఉందని త్వరగా లేచేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం బావ కొబ్బరిబోండాలకు కిందికి వెళ్లాడు. మర్నాడు మళ్లీ కీమో. అక్క నన్ను మంచం మీద కూర్చోమంది.

"మీ క్లాసుల పేషెంట్లతోని మాట్లాడుడు నేర్పుతున్న అన్నవ్ గదా. ఇగ లేవని మనిషికి ఎట్ల చెప్పాల్నో అది సుత నేర్పుతవా?"

నేర్పుతానన్నాను.

"అయితే నాకు చెప్పు. దానికే గదా నీకు జీతమిస్తున్నరు."

పక్కన కూర్చునే ఉన్నాను కాబట్టి మొదటి నియమం దానంతటదే అమలైంది. రెండోది గుర్తు తెచ్చుకుని, "నీకెంత తెలుసక్కా?" అన్నాను.

"మా మామ డబ్బాల మీద పేర్లు గోకింది నేనే. సదువుకుంటనే గోకిన. ఇప్పుడు నాకిచ్చే మాత్రలల్ల ఒకటి గదే. మీ బావకు గోకుడు యాదికి రాలే."

ఇంగ్లీషులో వాక్యం నా నాలుక చివర సిద్ధంగా ఉంది. తెలుగులో రాలేదు. ఈ సంగతికి తెలుగులో డాక్టర్ల భాష ఒకటి ఉంది, వీధి కుళాయి దగ్గర తిట్టుకునే భాష ఒకటి ఉంది. చెల్లెలు అక్కకు చెప్పుకునే భాష ఏదో నేనెక్కడా చదవలేదు.

"ఇది తగ్గేది కాదక్కా. ఈ మందుతోని సుత తగ్గదు. నువ్వు మాకు ఎక్కువ దినాలు ఉండవు," అన్నాను. అని బావురుమన్నాను. నోరు మూసుకుని ఉండాలన్న నియమం అక్కడ గంగలో కలిసింది.

అక్క ఏడవలేదు. కొంగుతో నా ముఖం తుడిచింది. "మంచిగ చెప్పినవ్," అంది. "అయితే రేపు నేను పోను. ఉన్నన్ని దినాలు నాకు నోటికి రుచి తెల్వాలె. మామిడికాయ పప్పు తినాలె."

బావ వచ్చి కొబ్బరినీళ్లు గ్లాసులో పోసుకొచ్చాడు. రేపు పొద్దున్నే బయలుదేరితే రష్ ఉండదన్నాడు.

"ఇగో, జెర కూసో," అంది అక్క. "నేను సచ్చిపోతున్న. అల్సర్ గాదు ఏం గాదు. ఆ తక్లీఫ్ ఇగ నాతోని గాదు. రేపు రాను."

బావ నా వైపు చూశాడు. తిట్లు తినడానికి సిద్ధపడ్డాను. ఆయన తిట్టలేదు. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడి, "నిజంగనా?" అని అక్కను అడిగాడు. డాక్టరు చెబితే నోటెడ్ అన్న మనిషి, నెలల తరబడి గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లందరికీ పాఠం అప్పజెప్పిన మనిషి. అక్కను నమ్మించబోయి ఆయన తననే నమ్మించుకున్నాడు.

"నిజమే," అంది అక్క.

ఆయన కింద కూలబడి, మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్చాడు. నాకు ఆయన మీద అన్నాళ్లుగా ఉన్న కోపమంతా పోయింది. అక్క ఆయన వీపు నిమురుతూ, ఆ గ్లాసు ఒలికిపోకుండా తీయమని నాకు సైగ చేసింది.

సాయంత్రం ఆసుపత్రికి ఫోన్ చేసి రేపటి కీమో వద్దని చెప్పాలి. నేను చేస్తానంటే బావ వద్దని తనే చేశాడు, స్పీకరు పెట్టి. అవతల ఒక అమ్మాయి, మా క్లాసు పిల్లల్లాగే తర్ఫీదైన గొంతు, గుడ్ ఈవెనింగ్ చెప్పి వివరాలన్నీ అడిగింది.

"రీజన్ ఏంటి సర్? సిస్టంలో ఎంటర్ చేయాలి."

బావ అల్సర్ అంటాడో, డాక్టరు మాట వాడతాడోనని నేను చూస్తున్నాను. అక్క కూడా చూస్తోంది.

"ఆమెకు ఇష్టం లేదమ్మా," అన్నాడు.

కీబోర్డు చప్పుడు వినిపించి ఆగిపోయింది. "సారీ సర్, ఆ ఆప్షన్ లేదు సర్."

"లేకుంటె పెట్టుకోండ్రి," అని బావ ఫోను పెట్టేశాడు.