ఈగలకు మక్కగటక

గత వారం మా మనుమరాలు నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మా మేనకోడలి పరిశోధన పత్రాల పట్టిక చూపించింది. జన్యువులు, ఎదిగే మెదడులో నాడీకణాలు: ఈ రెండింటి చుట్టూనే ఆమె పరిశోధనంతా. ప్రధానోపాధ్యాయుడిగా హాజరుపట్టీలు సరిచూసిన అలవాటు కొద్దీ నేను దాన్ని అడుగునున్న తొలి పత్రం నుంచి వరుసగా చదవబోయి, అక్కడే ఆగిపోయాను. శీర్షికలో నాకు అర్థమైన మాటలు తక్కువే. కాని ఆ పత్రం స్టేషన్ ఘన్‌పూర్‌లో, రైలుపట్టాల మీద ప్రాణం దక్కించుకుందని తెలిసిన కొద్దిమందిలో నేనొకణ్ణి.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. హైదరాబాదులో విద్యార్థుల వసతిగృహాలు ఖాళీ చేయించారు. ప్రయోగశాలకు కూడా తాళం పడేట్టుందని మేనకోడలు తన ఈగలను వెంటబెట్టుకుని ఇంటికి బయలుదేరింది. మా బావది భూపాలపల్లి బొగ్గుగనిలో ఉద్యోగం. ఆమె తల్లి, మా అక్క, మహబూబాబాద్‌లో ఉండేది. పిల్లకు తోడుగా నేను జనగామలో అదే రైలెక్కాను. ఆమె ఒడిలో తడిగుడ్డ చుట్టిన పెట్టె, పెట్టెలో దూది బిరడాలు పెట్టిన గాజుసీసాలు, వాటిలో మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలు. ఇంత చదువూ చదివి ఈగలు పెంచుతున్నావా అని కాస్త కటువుగానే అడిగాను. ఆమె నొచ్చుకోకుండా వివరించింది. ఈగ ఇంకా పురుగుగా ఉన్నప్పుడే దాని మెదడులో నాడీతంతువులు ఒక సగం నుంచి మరో సగానికి దాటుతాయట. ఈ ఈగల్లో ఒక జన్యువు చెడినందువల్ల అవి నడిమధ్యకు వచ్చి వెనక్కి మళ్లుతాయట. ఏళ్ల తరబడి వెతికితే దొరికిన వంశం. కరెంటు కోతల వేడికి తక్కినవన్నీ చచ్చిపోగా మిగిలినవి ఈ పెట్టెలోనివే.

ఘన్‌పూర్‌లో రైలు ఆగింది. పట్టాల మీద వంటావార్పు! రాళ్లు పేర్చి పొయ్యిలు వెలిగించి, ఊరంతా అక్కడే వండుకుని తింటోంది. సమయపాలన తప్పినందుకు నేను చిరాకు పడుతూ ఉంటే, మేనకోడలు పెట్టె తెరిచి పాలిపోయింది.

"మామా, ఎండకు సీసాలల్ల తిండి కరిగి నీళ్లయింది. ఈగలు మునుగుతున్నయి. జల్ది కొత్త తిండి పెట్టకుంటె ఈ వంశం ఇక్కడ్నే ఖతం."

ఖాళీ సీసాలు ఆమె సంచిలో ఉన్నాయి. కావలసినవి మక్కపిండి, బెల్లం, పొయ్యి. కిందికి దిగి, పెద్ద గిన్నెలో గరిటె తిప్పుతున్న ఒక అవ్వకు సంగతి చెప్పాం. చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. కండువా వేసుకున్న యువకుడొకడు గంభీరంగా ముఖం పెట్టి, "మీ ఈగలు లోకలా, నాన్ లోకలా మేడం?" అన్నాడు.

"పుట్టింది హైదరాబాదులనే అన్నా."

"గట్లయితె మనోళ్లే. అవ్వా, పొయ్యియ్యి."

అవ్వ తన గిన్నె దించేసి, పక్కనున్న చిన్న గిన్నె పెట్టి, తన మూటలోని మక్కపిండి, బెల్లం నీళ్లలో కలిపింది. గటక ఉడుకుతుండగా, పైన చల్లడానికి పులిసిన కల్లు కూడా కావాలంది మేనకోడలు. ఈగపురుగులకు అందులోని మడ్డే బలమట. గీత కార్మికులు లొట్టెల నిండా కల్లుతో వచ్చి ఆ పక్కనే బైఠాయించారు. జన్మలో కల్లు కాంపౌండు గడప తొక్కని నేను గ్లాసు పట్టుకుని వెళ్లి నిలబడ్డాను. లొట్టె వంచబోయినవాడు తలెత్తి చూసి లేచి నిలబడ్డాడు. నా పాత విద్యార్థి.

"సారూ, మీకా?"

"ఈగలకు," అన్నాను.

"అందరు గట్లనే అంటరు సార్," అని గ్లాసు నింపాడు.

కొత్త సీసాల్లో పోసి పైన కల్లు చల్లిన గటక చల్లారి గట్టిపడింది. పాత సీసా మూతి కొత్త సీసా మూతికి ఆనించి, మేనకోడలు అరచేతి మీద మెల్లగా తట్టసాగింది. నినాదాలు వాటంతట అవే ఆగిపోయాయి. మొదటి సీసాలో ఒక్క ఈగా కదలలేదు. రెండో దాంట్లోనూ అంతే. అవ్వ గరిటె పట్టుకునే ముందుకు వంగింది. చివరి సీసాలో నాలుగైదు ఈగలు తడి రెక్కలు ఈడ్చుకుంటూ కొత్త గటక మీదికి జారాయి. మేనకోడలు భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. "ఆడిది ఒకటున్నది మామా. గుడ్లు పెడితె బతికినట్టే," అంది. పట్టాల మీద కేకలు మిన్నంటాయి. నేనూ అరిచానని ఆమె ఇప్పటికీ అంటుంది. నేను ఖండించను.

ఆమెను మహబూబాబాద్‌లో దించి ఇంటికి వచ్చాక ఆమె నుంచి ఫోన్ కోసం నేను ఎదురుచూసినంతగా నా విద్యార్థుల ఫలితాల కోసం కూడా చూడలేదు. ఒక ఉదయం మోగింది.

"మామా, పురుగులు పడ్డయి!"

ఆ మాట విని సంతోషంతో ఇంటిల్లిపాదినీ పిలిచినవాణ్ణి జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

రాష్ట్రం వచ్చింది. ఆ ఒక్క ఈగ సంతతి మీద మొదటి పత్రం, దాని వెనుక తక్కినవన్నీ వచ్చాయి. ఆ వంశం ఇప్పటికీ సీసాల్లో సాగుతోందట. ఈ కొద్ది సంవత్సరాల్లో ఆ ఈగకు వందల తరాల వారసులు పుట్టి, ఎగిరి, వెళ్లిపోయారు. అదే కాలంలో, ఒక్క తరం దాటకుండానే, నా తల నెరిసింది.