పల్లపు మడి బియ్యం

ఏలూరులో మనుషులు ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయిన ఆ చలికాలం మా పాప కూడా పడిపోయింది. పెరుగన్నం తింటూ తింటూ కళ్లు తేలేసింది. నోట్లో ఉన్న ముద్దని నేనే వేలు పెట్టి బయటికి లాగాను. ఆసుపత్రి నుంచి క్షేమంగానే ఇంటికి తెచ్చుకున్నాం, మళ్లీ ఫిట్స్ రాలేదు. కానీ అవి ఎందుకొచ్చాయో నాకెవరూ గట్టిగా చెప్పలేదు. కొందరు నీళ్లన్నారు, కొందరు కూరగాయల మీద కొట్టే మందులన్నారు.

అప్పటి నుంచి వంటగదిలోకి వెళ్లాలంటేనే భయం. వంకాయలు ఉప్పునీళ్లలో నానబెట్టేదాన్ని, మళ్లీ పసుపునీళ్లలో వేసేదాన్ని, చివరికి వండకుండా పారేసేదాన్ని. మా ఆయన కైకలూరులో చేపల మేత అమ్మే కొట్లో పనిచేస్తారు. "ఏవండీ, ఆ చెరువుల్లో ఏం మందులు చల్లుతారో నిజం చెప్పండి" అని నిలదీశాను. ఆయన చొక్కా కొక్కేనికి తగిలిస్తూ "ఇక చేపలు తేనులే" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. నేనడిగింది అది కాదు కదా!

మా వీధి చివర కొత్తగా ఆర్గానిక్ కొట్టు పెడితే వెళ్లాను. బియ్యం సంచి మీద పచ్చటి ఆకు బొమ్మ ఉంది. "ఇవి ఎవరు పండించారండీ?" అంటే "కంపెనీ నుంచి వస్తాయండీ" అన్నాడు కొట్టాయన. "మీ ఇంట్లో పిల్లలకి ఇవే వండుతారా?" అన్నాను. "వ్యాపారం వేరు, ఇల్లు వేరు కదండీ" అని నవ్వాడు. సంచి అక్కడే వదిలేసి విసవిసా వచ్చేశాను. మర్నాడు మళ్లీ వెళ్లి, సిగ్గు విడిచి, అదే సంచి కొనుక్కొచ్చుకున్నాను.

నా గోలంతా వింటున్న పాప మెల్లగా తినడం తగ్గించేసింది. కంచం ముందు పెట్టగానే "అమ్మా, దీనికి మందు కొట్టారా?" అనేది. తెలియదంటే చెయ్యి వెనక్కి తీసుకునేది. దాని మెడ ఎముకలు బయటికొచ్చాయి. "పిల్లకి జబ్బేం లేదమ్మా, కడుపు నిండా పెట్టండి" అన్నారు డాక్టరుగారు. ఏం పెట్టమంటారో మాత్రం చెప్పలేదు.

అప్పుడు మా అన్నయ్య గుర్తొచ్చాడు. తాడేపల్లిగూడెం అవతల మా పుట్టింటి పొలం చేస్తున్నాడు. మా ఇంట్లో అమ్మే ధాన్యం వేరు, తినే ధాన్యం వేరు. ఇంటి తిండికని విడిగా ఒక మడి ఉంచి, దానికి మాత్రం మందు కొట్టరు. చిన్నప్పుడు నేను తిన్నదంతా ఆ మడి అన్నమే. పెళ్లయి ఏలూరు వచ్చాక, ఎవరో అమ్ముకోవడానికి పండించిన బియ్యం తింటున్నానని నాకెప్పుడూ తట్టనే లేదు.

అన్నయ్యకి ఫోన్ చేసి సంగతంతా చెప్పి, ఆదివారం పాపని తీసుకుని బస్సెక్కాను. వానాకాలం కోసిన సార్వా పంట బియ్యం సంచి కట్టి అన్నయ్య సిద్ధంగా ఉంచాడు. పాపకి ధైర్యం కలగాలని మమ్మల్ని చేలోకి తీసుకెళ్లి, రెండో పంటగా వేసిన దాళ్వా వరి పచ్చగా ఉన్న ఆ మడి చూపించాడు. "చూడమ్మా, దీని మీద చుక్క మందు పడలేదు. భయం లేకుండా తినెయ్" అన్నాడు. పాప వంగి ఒక ఆకు వాసన చూసి నవ్వింది. అది నవ్వి ఎన్నాళ్లయిందో! కొంగల వెంట గట్టు మీద పరుగెత్తింది.

నేను మడి కేసి చూస్తూ నిలబడ్డాను. అమ్మకానికి పండించే పై చేలోంచి గండి గుండా నీళ్లు గలగలా ఇందులోకి దిగుతున్నాయి. పై చేను గట్టు మీద ఖాళీ మందు డబ్బాలు పడున్నాయి.

"అన్నయ్యా, దీనికి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి?"

"పై చేలోంచే గదే. ఇంకెక్కణ్ణుంచి వస్తాయి?"

"అక్కడ మందెప్పుడు కొట్టారు?"

"మొన్నేనే."

"మరి తిండి మడి ఇక్కడెందుకు పెట్టావు?"

"పిల్లలు తినే గింజలు కదే, నీళ్లకి లోటు రాకూడదని పల్లంలో..." అంటూనే ఆగిపోయాడు. వంగి, గుప్పెడు బురద తీసి గండిలో వేశాడు. ఇంకో గుప్పెడు వేశాడు. నీళ్లు కాసేపు ఆగి, పక్కనుంచి దారి చేసుకుని మళ్లీ దిగాయి. "నాన్న ఉన్నప్పట్నించీ ఇదే మడే" అన్నాడు. అన్నయ్య ముఖం వంక చూడలేకపోయాను.

సంచి వద్దనే ధైర్యం నాకు లేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆ బియ్యమే వండాను. పాప కంచం ముందు కూర్చుంది.

"ఇది మామయ్య మడిదేనా అమ్మా?"

"మామయ్య మడిదే."

"మందు కొట్టలేదు కదా?"

"లేదమ్మా."

పప్పు కలుపుకుని గబగబా తింది. ఇంకాస్త పెట్టమంది, పెట్టాను. తర్వాత ఓ ముద్ద చేసి నా నోటి దగ్గర పెట్టి, "నువ్వూ తినమ్మా, దీనికి భయం లేదు" అంది.

నోరు తెరిచాను.