చెలిమె నీళ్లు

లాక్‌డౌన్‌లో సూరత్ మగ్గాలన్నీ ఆగిపోయాయి. అక్కడి డిండోలి పేటలో నేనుండే గల్లీ పొడవునా బ్లీచింగ్ పౌడర్ చల్లిన పొద్దున, ఆ ఘాటుకు మా ఊరి బావి గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. సర్కారు మనిషి ఒకాయన వచ్చి బావిలో ఇదే పౌడర్ కలిపాడు.

"థూ, ఏం కంపురా ఇది! గివి మనుషులు తాగే నీళ్లేనా?" అంటూ అందరూ బావిని వదిలేశారు.

నేను వాగు ఇసుకలో చెలిమె తోడి, అందులో ఊరిన నీళ్లు బిందెకెత్తుకొచ్చాను. ఆ పక్క మడుగులోనే బర్రెలు పొర్లేవి. పొద్దున్నే ఊరంతా చెంబులతో వెళ్లేది కూడా ఆ ఒడ్డుకే. నీళ్లు తేటగా కనబడితే చాలు, మంచివనుకున్నాను. చెల్లి కడుపునిండా తాగింది. ఆ వారంలోనే విరేచనాలతో పోయింది.

అంతకుముందు తాగిన బావినీళ్లలోని మందే చంపిందని ఊరు ఆ సర్కారు మనిషిని కొట్టి తరిమింది. పెద్దయ్యాక నిజం తెలిసినా, నేనూ అందరికీ అదే చెబుతూ వచ్చాను.

ఆ పొద్దున ఊళ్లో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను. "చెల్లెను మందు సంపలేదమ్మా, చెలిమె నీళ్లు సంపినయ్."



"గా నీళ్లకు నిన్ను తోలింది నేనే కదా కొడుకా," అంది.

ఇన్నేళ్లూ తిట్టుకోవడానికి అమ్మకు ఆ సర్కారు మనిషైనా ఉండేవాడు.