నేనుంటే పనిచేసే ఏసీ

2023 మే నెల. హైదరాబాద్ పాతబస్తీలో పత్తర్‌గట్టి వెనక సందుల్లో మూడంతస్తుల పాత ఇల్లు. పై అంతస్తులో నుస్రత్ ఆపా, ఆమె తల్లి ఉంటారు. ఇరవై ఏళ్లుగా ఏసీలు బాగుచేస్తున్నాను గానీ, ఆ ఇంటి ఏసీ తిప్పలు పెట్టినట్టు ఇంకేదీ పెట్టలేదు.

ఆపాది మగ్గం పని. కట్టె చట్రానికి పట్టుబట్ట బిగించి పెళ్లి దుపట్టాలకు జరీ కుడుతుంది. చేతి చెమట పట్టుకు అంటితే మరక పోదు, జరీ నల్లబడుతుంది. అందుకే ఆ ఒక్క గదికి ఏసీ పెట్టించుకుంది. అప్పుడు మగ్గం మీద ఒక పెళ్లికూతురి ఎర్ర దుపట్టా ఉంది, శుక్రవారానికి అందించాలి. పొద్దున చల్లగానే ఉంటోందని, పదకొండు దాటితే వట్టి గాలి కొడుతోందని మంగళవారం ఫోన్ చేసింది.

పాతబస్తీలో మిద్దె ఎక్కాలంటే మాకొక పద్ధతి ఉంది. మెట్ల కిందే ఆగి "పర్దా" అని గట్టిగా కేక వేస్తాం. మిద్దెల మీదున్న ఆడవాళ్లు ఆ కేక విని తప్పుకున్నాకే పైకి పోతాం. పని నేర్పిన ఉస్తాద్ నాకు మొదట నేర్పింది ఈ మర్యాదే. ఆ మధ్యాహ్నం కూడా కేక వేశాను. ఆపా తల్లి, అందరూ బీ అమ్మ అని పిలిచే పెద్దావిడ, తల మీదుగా చాదర్ కప్పుకుని మెల్లగా మెట్లు దిగి లోపలికి పోయింది. తర్వాత నేను ఎక్కాను.

పైన అవుట్‌డోర్ యూనిట్ ఉంది. గదిలోని వేడిని లాగి బయటికి ఊదే పెట్టె అది. ఫ్యాన్ తిరుగుతోంది. కంప్రెసర్ ఎంత కరెంట్ లాగుతోందో క్లాంప్ మీటర్‌తో చూశాను, గ్యాస్ ప్రెషర్ చూశాను. వంక పెట్టడానికి ఏమీ లేదు. కిందికొచ్చేసరికి గది చల్లబడుతోంది. ఫిల్టర్ కడిగిపెట్టి వచ్చేశాను.

బుధవారం మళ్లీ ఫోన్. మళ్లీ కేక, మళ్లీ మీటర్, మళ్లీ గది చల్లబడింది. నాకు చిరాకేసింది. తలుపులు బార్లా తెరిచి పెట్టుకుంటున్నారేమో అని అనేశాను.

ఆపా సూది ఆపి నావైపు చూసింది. "తలుపు తెరిస్తే జరీ మీద దుమ్ము పడ్తది భాయ్. గది నాకు తెల్వదా? నువ్వొస్తే చల్లగైతది, నువ్వు పోంగనే బంద్ అయితది."

దుపట్టా అంచున గోరంత మరక చూపించింది. దాని మీద జరీ పువ్వు కుట్టి కప్పేస్తానంది. ఇంకొకటి పడితే మాత్రం దుపట్టా వాపసు వస్తుందని, ఆ ఇంటి వాళ్లు మళ్లీ పని ఇవ్వరని చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది.

గురువారం పిలవకుండానే వెళ్లాను. కేక వేశాను. బీ అమ్మ నా పక్కనుంచి దిగుతుంటే నా పాదం మీద నీటి చుక్క పడింది. చూస్తే మెట్లన్నీ తడి, చాదర్ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. రెండు రోజులూ ఆ తడి చూశాను, బట్టలు ఉతికారనుకుని దాటిపోయాను.

"బీ అమ్మా, చాదర్ ఎట్ల తడిసింది?"

ఆమె గదిలో మగ్గం దగ్గరున్న కూతురి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "మిషన్ మీద కప్పిన బిడ్డా. ఎండల కాలిపోతుంది కదా పాపం. నా బిడ్డ కోసమే కదా అది గంత కష్టపడ్తుంది."

మోకాళ్ల నొప్పులతో గంటకోసారి బకెట్ మోసుకెళ్లి, చాదర్ తడిపి, ఫ్యాన్‌తో సహా పెట్టెనంతా కప్పేస్తోంది. వేడి బయటికి పోయే దారి లేక కంప్రెసర్ కాగిపోయి ఆగిపోతోంది. నా కేక వినగానే చేతికందిన అదే చాదర్ లాగి తాను కప్పుకుని దిగుతోంది. నేను ఎక్కేసరికి పెట్టె మీద కప్పు ఉండట్లేదు, కంప్రెసర్ చల్లారి మళ్లీ నడుస్తోంది. రెండు రోజులూ జబ్బును దాచింది నా కేకే.

ఆపా తల్లిని ఏదో అనబోయింది. నేనే అడ్డుపడ్డాను. "అమ్మ తప్పు లేదు ఆపా. మిషన్‌కు నీడ కావాల్నని ఆమెకు సమజైంది. గాలి గూడ కావాల్నని నేను చెప్పలే. ఉల్టా మిమ్మల్నే అన్న."

బీ అమ్మ చూపు మగ్గం మీదే ఉంది. "గా మరక నా వల్లనేనా?" అంది.

ఆపా చట్రాన్ని ఆమె వైపు తిప్పి, కొత్తగా కుట్టిన పువ్వు మీద వేలు పెట్టింది. "ఏడుంది మరక? చూపియ్యి అమ్మీ." ఎంత వెతికినా ఆ ముసలి కళ్లకు అది దొరకలేదు.

ఆ సాయంత్రమే యూనిట్‌కు మూరెడు ఎత్తున, చుట్టూ గాలి ఆడేలా ఒక రేకు బిగించాను. శుక్రవారం దుపట్టా వెళ్లిపోయింది.

అప్పటినుంచి ఏ ఇంట్లోనైనా పర్దా అని కేక వేశాక ఇంకో మాట కలుపుతాను, మీరు దిగండి చాలు, పైన ఏది ఎట్లుందో అట్లనే ఉండనియ్యండి అని. ఇల్లు ఎప్పటిలా ఉన్నప్పుడు చూస్తేనే యంత్రం జబ్బు తెలుస్తుంది. మనం వస్తున్నామని సర్దిన ఇంట్లో తెలియదు.

మరుసటి ఎండాకాలం సర్వీసింగ్‌కు వెళ్లి కేక వేశాను. బీ అమ్మ మెట్లు దిగుతూ నా దగ్గర ఆగి, చాదర్ కొంగు నా చేతికిచ్చింది.

"చూస్కో బిడ్డా," అంది. "పొడిగనే ఉంది."