చిటికెనవేలి కట్టు

జీడిపిక్కలు కాలుతున్న వాసన వస్తే నాకు ఇప్పటికీ అమ్మ చేతులు చూడాలనిపిస్తుంది.

అక్కను యూనివర్సిటీలో చదివించడానికి ఒడిశా నుంచి పలాస వచ్చి, అమ్మ జీడిపిక్కలు కొట్టే పనిలో చేరింది. సర్కారు ఫీజు సాయానికి ఏటా అమ్మ వేలిముద్ర కావాలి. లేకపోతే అక్క చదువు ఆగిపోతుంది. చర్మాన్ని కాల్చే జీడినూనె తగిలి అమ్మ వేళ్ళ మీద గీతలే చెరిగిపోయాయి.

"నువ్వు నువ్వు కాదంటన్నాదమ్మా మిషను," అన్నాడు వేలిముద్రలు తీసుకునే ఆఫీసు గుమస్తా.

వేళ్ళయ్యాక అమ్మ ముఖం కూడా చెరుగుతుందనుకుని ఏడుపు లంకించుకున్నాను. ఏడేళ్ళకే నాది అంత గొప్ప బుర్ర.

"ఏడవకే. సిటికెనేలు ఉన్నాది కదేటి," అంది అమ్మ. పిక్క తగలని ఆ వేలికి మిషను ఒప్పుకుంది.

అక్క చదువు అయ్యేదాకా అమ్మ ఆ వేలికి గుడ్డ చుట్టుకున్నాకే పనికెళ్ళేది. రోజూ అది విప్పి, గీతలున్నాయో లేదో చూశాకే నేను పడుకునేదాన్ని.

ఇప్పుడు నా ఫోను, నేను ఏ వేలు పెట్టినా తెరుచుకుంటుంది.